ఒకే కీకి ఐదు పేర్లు: ఎడిటర్ హెల్ప్‌లో షార్ట్‌కట్‌లను సరిచేసే పద్ధతి

టెక్స్ట్ ఎడిటర్ హెల్ప్ ఏదైనా తిరగేయండి. మొదటి పేజీలో "కంట్రోల్+ఎస్" అని ఉంటుంది, ఇంకోచోట "కంట్రోల్-ఎస్". అనుబంధంలో "^ఎస్", సెట్టింగుల అధ్యాయంలో "<సీ-ఎస్>", పాత ట్యుటోరియల్‌లో ఉత్త "సీ-ఎస్". ఐదూ ఒకటేనా అంటే, చాలాచోట్ల ఒకటే, కొన్నిచోట్ల కాదు. ఆ కొన్నిచోట్లు ఏవో తేల్చుకోవడమే ఇందులో అసలు పని. అన్నీ ఒకటే అనుకుని ఫైండ్-రీప్లేస్ కొట్టేస్తే పేజీలు చూడ్డానికి నీటుగా తయారవుతాయి గానీ, అంతకుముందు ఒప్పుగా ఉన్న వాక్యాలు కొన్ని తప్పులవుతాయి.

ఎడిటర్ హెల్ప్ రాసేవారికి, సరిచేసేవారికి, తెలుగులోకి అనువదించేవారికి ఈ పద్ధతి పనికొస్తుంది. ఉదాహరణలు విమ్, ఈమ్యాక్స్, నానో, వీఎస్ కోడ్ అనే నాలుగు ఎడిటర్ల నుంచి. కీల పేర్లు ఇక్కడ చదువుకోవడానికి వీలుగా తెలుగు లిపిలో ఉన్నాయి. నిజమైన హెల్ప్‌లో మాత్రం కీ మీద ఏ అక్షరాలు అచ్చయి ఉన్నాయో అవే ఉండాలి, ఎందుకంటే చదివేవాళ్లు ఆ అక్షరాలనే కీబోర్డు మీద వెతుక్కుంటారు.

ముందు లెక్క తీయండి

దిద్దడం మొదలుపెట్టకముందే హెల్ప్ మొత్తంలో ఎన్ని రకాల రాతలున్నాయో ఒక జాబితా తయారు చేసుకోవాలి. ఫైళ్లలో వెతికే గ్రెప్ ఆదేశానికి సరిపోలిన ముక్కను మాత్రమే చూపించే "ఓ" ఆప్షన్, పెద్ద-చిన్న అక్షరాల తేడా పట్టించుకోని "ఐ" ఆప్షన్ ఇచ్చి, వచ్చినదాన్ని క్రమంలో పెట్టే సార్ట్ ఆదేశంలోకి, అక్కడి నుంచి లెక్కపెట్టే "సి" ఆప్షన్‌తో యూనిక్‌లోకి పంపండి. ఏ రాత ఎన్నిసార్లు వచ్చిందో తేలిపోతుంది. వెతకాల్సినవి ఇవీ: కంట్రోల్ పూర్తి పేరు, దాని నాలుగక్షరాల పొట్టి పేరు, "సి" తర్వాత అడ్డగీత, "ఎమ్" తర్వాత అడ్డగీత (ఇది మామూలుగా ఆల్ట్), కోణపు బ్రాకెట్లలో ఉన్నవి, టోపీ గుర్తు ^.

టోపీ గుర్తు దగ్గర ఒక చిక్కుంది. గ్రెప్ వెతకడానికి వాడే నమూనాలో, అంటే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో, ^ అంటే వరుస మొదలు. దాన్ని ఒక్కదాన్నే అలాగే ఇస్తే హెల్ప్‌లోని ప్రతి వరుసా దానికి సరిపోలుతుంది, వెతికే గుర్తు మాత్రం దొరకదు. పెద్ద "ఎఫ్" ఆప్షన్ ఇస్తే రాసినదాన్ని రాసినట్టే వెతుకుతుంది, లేదా ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి.

జాబితా వచ్చాక ప్రతి రాత పక్కన అది ఎలాంటి చోట వచ్చిందో రాయండి: మామూలు వాక్యంలోనా, సెట్టింగుల ఫైల్‌లోకి కాపీ చేసుకునే కోడ్‌లోనా, తెర మీద కనిపించేదాన్ని వర్ణించేచోటా, లింకు పేరులోనా. ఈ నాలుగు గడులూ నింపకుండా తర్వాతి మెట్టు ఎక్కవద్దు.

విమ్‌లో మూడు రాతలు ఎందుకున్నాయి

గందరగోళంగా ఉందని ఎక్కువమంది అనేది విమ్ హెల్ప్‌నే. తీరా చూస్తే అక్కడున్న తేడాల్లో చాలావాటికి కారణం ఉంది. చదివేవాళ్లకు చెప్పేటప్పుడు పెద్దక్షరాల్లో "కంట్రోల్-వి" అని రాస్తారు. మ్యాపింగ్ (ఒక కీకి వేరే పని అప్పగించడం) రాసుకునే ఉదాహరణల్లో కోణపు బ్రాకెట్లతో "<సీ-వి>" ఉంటుంది, ఎందుకంటే మ్యాప్ ఆదేశానికి అర్థమయ్యేది ఆ రూపమే. ఇక "^వి" అనేది కంట్రోల్ అక్షరం నేరుగా ఫైల్‌లో పడితే తెర మీద అది కనిపించే తీరు. అంటే ఒకటి చదవడానికి, ఒకటి రాయడానికి, ఒకటి చూడటానికి. మ్యాప్ ఉదాహరణలో ఉన్న "<సీ-వి>"ని వాక్యాల్లోలాగా "కంట్రోల్-వి" చేస్తే, దాన్ని కాపీ చేసుకున్నవాళ్ల మ్యాపింగ్ పనిచేయదు. విమ్ ఆ మాటను అక్షరం అక్షరంగా టైపు చేయాల్సిన వరుస అనుకుంటుంది.

లింకు పేర్ల సంగతి వేరు. ఇన్సర్ట్ మోడ్‌లోని (అక్షరాలు టైపు చేసే స్థితి) కంట్రోల్-వి గురించి వెతకాలంటే హెల్ప్ ఆదేశానికి "ఐ", అండర్‌స్కోర్, ఆపైన "కంట్రోల్-వి" ఇవ్వాలి. విజువల్ మోడ్‌కైతే మొదట "వి", కమాండ్ వరుసకైతే "సి". కిటికీల ఆదేశాల్లో రెండు కీల మధ్య కూడా అండర్‌స్కోరే వస్తుంది. ఇవి చూడ్డానికి వింతగా ఉన్నా ముట్టుకోకండి. నక్షత్రం గుర్తుల మధ్య ఉన్న ఆ పేర్లు లంగరు రాళ్లలాంటివి. ఒకటి మారిస్తే ఇతర పేజీల్లో దాన్ని పట్టుకుని వేలాడుతున్న లింకులన్నీ తెగుతాయి. హెల్ప్‌ట్యాగ్స్ ఆదేశం సూచికను మళ్లీ కడుతుంది గానీ, పాత పేరుతో వెతికేవాళ్లకు అది దారి చూపదు.

మరి విమ్ తరహా హెల్ప్‌లో సరిచేయాల్సినవి ఏవి? మామూలు వాక్యం మధ్యలో కారణం లేకుండా "<సీ-వి>" వాడినవి. ఒకే పేరాలో రెండు రూపాలూ కలిసినవి. ఎంటర్ కీని ఒకచోట "<సీఆర్>", ఇంకోచోట "<రిటర్న్>", మరోచోట "<ఎంటర్>" అన్నవి. ఈ మూడూ విమ్‌కి ఒకటే, కాబట్టి హెల్ప్ అంతటా ఒకదానికి కట్టుబడటంలో నష్టం లేదు. నంబర్ ప్యాడ్ మీది ఎంటర్ మాత్రం "కె" అక్షరంతో మొదలయ్యే వేరే పేరు. దాన్ని వీటిలో కలపొద్దు.

ఏ కీని ఏ రూపంలో రాయాలో అనుమానం వస్తే విమ్‌నే అడగొచ్చు. ఇన్సర్ట్ మోడ్‌లో కంట్రోల్-కె నొక్కి, తర్వాత ఫంక్షన్ కీ గానీ షిఫ్ట్+స్పేస్ లాంటిది గానీ నొక్కితే, ఆ కీ పేరును కోణపు బ్రాకెట్ల రూపంలో ఫైల్‌లో రాసి పెడుతుంది.

పెద్దక్షరం అంటే షిఫ్ట్ అనా?

కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. నానో కింది వరుసలో "^జి", "ఎమ్-యు" అని ఇంగ్లీషు పెద్దక్షరాల్లో కనిపిస్తాయి. షిఫ్ట్ కూడా నొక్కాలేమో అనుకుంటారు. అక్కర్లేదు, అవి కీ మీద అచ్చులో ఉన్నట్టు రాసినవి, అంతే. వీఎస్ కోడ్ తెర మీద పెద్దక్షరాలు, దాని కీబైండింగ్స్ ఫైల్‌లో చిన్నక్షరాలు ఉంటాయి. రెండిటికీ అర్థం ఒకటే. షిఫ్ట్ కావాలంటే షిఫ్ట్ అని విడిగా రాయాల్సిందే.

విమ్ నార్మల్ మోడ్‌కి (అక్షరాలు టైపవకుండా ఆదేశాలుగా పనిచేసే స్థితి) వస్తే కథ మొత్తం తిరగబడుతుంది. చిన్న "పి" కర్సర్ తర్వాత అతికిస్తుంది, పెద్ద "పి" కర్సర్ ముందు. ఇక్కడ అక్షరం సైజే ఆదేశం. అదే విమ్‌లో కంట్రోల్‌తో కలిస్తే పెద్ద-చిన్న తేడా లేదు, ఆల్ట్‌తో కలిస్తే మళ్లీ ఉంది. కాబట్టి "కీలన్నీ పెద్దక్షరాల్లో రాయాలి" అనే ఒంటివాక్యం నియమం విమ్ హెల్ప్‌కి విషం. నియమం ఇలా ఉండాలి: కంట్రోల్‌తో వచ్చే అక్షరం పెద్దది, ఒంటరిగా వచ్చే అక్షరం నొక్కినప్పుడు ఏది టైపవుతుందో అది.

ఈమ్యాక్స్‌లో ఇంకో గొయ్యి ఉంది. పెద్ద "ఎస్", అడ్డగీత అంటే షిఫ్ట్. చిన్న "ఎస్", అడ్డగీత అంటే సూపర్, అంటే విండోస్ బొమ్మ ఉన్న కీ. అక్షరాల సైజు సమంగా ఉండాలని ఎవరైనా ఒక్క రీప్లేస్ నడిపితే సూపర్ షార్ట్‌కట్‌లన్నీ షిఫ్ట్ షార్ట్‌కట్‌లు అయిపోతాయి. ఆ తప్పు మామూలు ప్రూఫ్ రీడింగ్‌లో కంటికి ఆనదు.

టోపీ గుర్తు వెనక లెక్క

కంట్రోల్ కీ టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే అక్షరాల తెర) ఏం చేస్తుందో తెలిస్తే సగం సందేహాలు తీరతాయి. అక్షరాలకు అంకెలు ఇచ్చే ఆస్కీ పట్టికలో పెద్దక్షరం కోడ్ నుంచి 64 తీసేస్తే కంట్రోల్ అక్షరం వస్తుంది. "ఐ" కోడ్ 73, 64 పోతే 9, అది ట్యాబ్. "ఎమ్" 77, మిగిలింది 13, అది ఎంటర్. ఎడమ చదరపు బ్రాకెట్ 91, మిగిలింది 27, అది ఎస్కేప్. "హెచ్" 72, మిగిలింది 8, అది బ్యాక్‌స్పేస్. అందుకే మామూలు టెర్మినల్‌లో కంట్రోల్-ఐకి ఒక పని, ట్యాబ్‌కి ఇంకో పని అప్పగించడం కుదరదు. ఎడిటర్‌కి చేరేది ఒకే అంకె. హెల్ప్‌లో ఒక పేజీ "ట్యాబ్" అని, ఇంకో పేజీ "కంట్రోల్-ఐ" అని ఒకే పనికి రాస్తే అది తప్పు కాదు. రెండూ ఒకటేనని ఒక్కచోట చెప్పి, మిగతాచోట్ల ట్యాబ్ అనే రాయండి.

గ్రాఫికల్ కిటికీలో నడిచే ఎడిటర్‌కి ఈ రెండు కీలూ విడివిడిగా తెలుస్తాయి. కిటికీలో నడిచే ఈమ్యాక్స్‌లో ట్యాబ్ కీకి సొంతంగా ఏ ఆదేశమూ కట్టి లేకపోతేనే అది కంట్రోల్-ఐగా మారుతుంది. కొత్త టెర్మినళ్లు కొన్ని అదనపు కోడ్‌లు పంపగలవు గానీ, అందరి దగ్గరా ఉంటుందని నమ్మి హెల్ప్ రాయకూడదు.

నానోలో ఫలానా వరుసకు వెళ్లే ఆదేశం ఈ లెక్కకు మంచి ఉదాహరణ. పాత వెర్షన్ల తెర మీద అది ^_, కొత్తవాటిలో ^/. ఆదేశం మారలేదు. అండర్‌స్కోర్ కోడ్ 95, 64 తీస్తే 31. చాలా టెర్మినళ్లు కంట్రోల్, స్లాష్ కలిపి నొక్కినా అదే 31 పంపుతాయి. లెక్క ప్రకారం స్లాష్‌కి 31 రాదు, అదొక ఆనవాయితీ. షిఫ్ట్ లేకుండా నొక్కడానికి స్లాష్ సులువు కాబట్టి ఆ రాత బాగుంది. పాత హెల్ప్‌లో ^_ కనిపిస్తే మార్చవచ్చు.

కంట్రోల్-ఎస్ గురించీ ఓ మాట చెప్పుకోవాలి. చాలా టెర్మినళ్లలో ఇది తెరను స్తంభింపజేస్తుంది, కంట్రోల్-క్యూ నొక్కితే మళ్లీ కదులుతుంది. అందుకే విమ్ హెల్ప్ కిటికీని చీల్చడానికి కంట్రోల్-డబ్ల్యూ తర్వాత కంట్రోల్-ఎస్ పనిచేయకపోవచ్చని, ఉత్త "ఎస్" వాడమని చెబుతుంది. రెండు రూపాలూ ఉన్నాయి కదా, ఒకటి తీసేద్దాం అనుకుంటే తీయాల్సింది ఏదో ఇప్పుడు తెలుస్తోంది.

మెటా, డిలీట్, కార్డ్: పేరు ఒకటే, వస్తువు వేరు

ఇంతవరకు చూసింది ఒకే వస్తువుకు చాలా పేర్లు. దీని తలకిందులు ఇంకా ప్రమాదం.

"మెటా" తీసుకోండి. ఈమ్యాక్స్‌లో, నానోలో అది సాధారణంగా ఆల్ట్ కీ. ఆల్ట్ పనిచేయనిచోట ఎస్కేప్ నొక్కి వదిలి అక్షరం నొక్కినా సరిపోతుంది. వీఎస్ కోడ్ సెట్టింగుల ఫైల్‌లో లినక్స్ మీద మెటా అంటే సూపర్ కీ. అదే కీకి విండోస్ మీద "విన్", మ్యాక్ మీద "సీఎమ్‌డీ" అని రాయాలి. క్యూటీ లైబ్రరీతో కట్టిన ఎడిటర్ల కోడ్‌లో మ్యాక్ మీద కంట్రోల్ అని రాస్తే కమాండ్ కీ, మెటా అని రాస్తే కంట్రోల్ కీ! కోడ్ చూసి హెల్ప్ రాసేవాళ్లు ఈ చివరిదాన్ని ఒకసారి కాగితం మీద రాసి గోడకు అంటించుకోవడం మంచిది. హెల్ప్‌లో మెటా అనే మాట వాడక తప్పకపోతే, మొదటి అధ్యాయంలోనే "ఈ పుస్తకంలో మెటా అంటే ఫలానా కీ" అని చెప్పాలి. వాడకుండా గడిచిపోతే ఇంకా మేలు, ఎందుకంటే ఇవాళ్టి కీబోర్డుల మీద ఆ పేరు అచ్చయి ఉండదు.

"డిలీట్" ఇంకో రకం. ఈమ్యాక్స్ మాన్యువల్‌లో మూడు పెద్దక్షరాల "డెల్" అంటే కోడ్ 127, అంటే వెనక్కి చెరిపే బ్యాక్‌స్పేస్ కీ. ముందుకు చెరిపే డిలీట్ కీకి కోణపు బ్రాకెట్లలో చిన్నక్షరాల "<డిలీట్>" అని రాస్తారు. విమ్‌లో "<డెల్>" అంటే మాత్రం నిజంగా డిలీటే, వెనక్కి చెరిపేదానికి "<బీఎస్>" ఉంది. ఆపిల్ కీబోర్డు మీద "డిలీట్" అని అచ్చయినది వెనక్కి చెరిపే కీ. ముందుకు చెరపాలంటే ల్యాప్‌టాప్‌లో ఎఫ్‌ఎన్ పట్టుకుని దాన్ని నొక్కాలి. ఇన్ని ముడులున్నాయి కాబట్టి ఈ ఒక్క కీ వచ్చినచోట పేరుతో పాటు పని కూడా రాయండి: "వెనక అక్షరాన్ని చెరిపే కీ", "ముందు అక్షరాన్ని చెరిపే కీ".

"కార్డ్" అనే సంగీతపు మాటతోనూ ఇదే గొడవ. కొందరు కంట్రోల్, ఎస్ రెండూ కలిపి నొక్కడాన్ని కార్డ్ అంటారు. వీఎస్ కోడ్ హెల్ప్‌లో మాత్రం ఒకదాని తర్వాత ఒకటిగా రెండు దెబ్బలు వేయడాన్ని కార్డ్ అంటారు. కంట్రోల్+కె నొక్కగానే కింద స్టేటస్ బార్‌లో రెండో కీ కోసం ఎదురు చూస్తున్నానని అది చెప్పేది ఇదే అర్థంలో. తెలుగులో ఈ మాట తెచ్చుకోకపోతే పోయిందేమీ లేదు.

కలిపే గుర్తు ఎంచుకోవడం

విండోస్ లోకంలో ప్లస్, ఖాళీ లేకుండా. ఆపిల్ రాతల్లో పూర్తి పేర్ల మధ్య అడ్డగీత, మెనూల్లో ⌃⌥⇧⌘ బొమ్మలు, ఇదే వరుసలో. ఈమ్యాక్స్‌లో ఒక్కక్షరం, అడ్డగీత. ఏ పద్ధతి ఎంచుకున్నా ఫర్వాలేదు గానీ దాని అంచుల దగ్గర ఏమవుతుందో ముందే చూడాలి. ప్లస్ ఎంచుకుంటే అక్షరాల సైజు పెంచే షార్ట్‌కట్ "కంట్రోల్++" అవుతుంది. అడ్డగీత ఎంచుకుంటే ఈమ్యాక్స్‌లో రుణసంఖ్య ఇచ్చే కీ "సీ--" అవుతుంది. వరుస దెబ్బల మధ్య కామా పెడితే వీఎస్ కోడ్‌లో సెట్టింగులు తెరిచే "కంట్రోల్+," దగ్గర వాక్యం కామాయో కీ కామాయో తెలియదు. విమ్‌లో ముందటి ఫైల్‌కి తిప్పే కంట్రోల్-^ దగ్గర టోపీ గుర్తు పద్ధతి వాడితే రెండు టోపీలు పడతాయి. ఇలాంటివి హెల్ప్ మొత్తంలో ఏ పదో ఉంటాయి. వాటికి గుర్తు బదులు పేరు రాయండి: "కంట్రోల్, ప్లస్ గుర్తు ఉన్న కీ". కంట్రోల్-^ పక్కన అమెరికన్ లేఅవుట్ మీద కంట్రోల్, 6 కలిపి నొక్కినా చాలునని చెబితే ఇంకా ఉపయోగం.

ఎక్కువ కీలు కలిసినప్పుడు వాటి వరుస కూడా ఖాయం చేసుకోవాలి. "కంట్రోల్+షిఫ్ట్+పి" ఒకచోట, "షిఫ్ట్+కంట్రోల్+పి" ఇంకోచోట ఉంటే వెతుకులాటలో రెండోది దొరకదు. కోడ్ ఉదాహరణల్లో ఇది అలంకారం కూడా కాదు. 2023లో వచ్చిన ఈమ్యాక్స్ 29లోని కొత్త కీమ్యాప్ ఆదేశాలు (కీలకు పనులు కట్టేవి) ఆల్ట్, కంట్రోల్, హైపర్, మెటా, షిఫ్ట్, సూపర్ అనే వరుసనే ఒప్పుకుంటాయి. పైగా ఈ గుర్తులు కోణపు బ్రాకెట్ల బయట ఉండాలి, లోపల పెడితే తోసిపుచ్చుతాయి. పాత ఆదేశాలు రెండు రూపాలనూ సహించేవి, అందుకే పాత హెల్ప్ పేజీల్లో రెండూ కనిపిస్తాయి.

రాయకుండా ఉండటమే మంచి పద్ధతి

వీలున్నచోట కీ పేరును చేత్తో రాయకండి, ప్రోగ్రామ్‌నే నింపనివ్వండి. ఈమ్యాక్స్ ఆదేశాల వివరణలో బ్యాక్‌స్లాష్, ఆపైన చదరపు బ్రాకెట్లలో ఆదేశం పేరు పెడితే, చూపించే సమయంలో వాడుకరి దగ్గర అప్పుడున్న కీ అక్కడ పడుతుంది. దానికి ఏ కీ లేకపోతే ఎమ్-ఎక్స్ తర్వాత ఆదేశం పేరు వస్తుంది. ఇది ఈమ్యాక్స్ భాష అయిన లిస్ప్ ఫైల్‌లోని స్ట్రింగ్‌లో ఉంటుంది కాబట్టి బ్యాక్‌స్లాష్ రెండుసార్లు కొట్టాలి. ఒకటే కొడితే మాయమవుతుంది, బ్రాకెట్లు మాత్రం మిగులుతాయి. నానో తన హెల్ప్‌లోని షార్ట్‌కట్ జాబితాను అప్పుడు అమల్లో ఉన్న కీలతోనే కడుతుంది. కాబట్టి అక్కడ అనువదించాల్సింది వివరణ మాత్రమే.

విడిగా అచ్చయ్యే హెల్ప్‌లో ఈ సౌకర్యం ఉండదు. అక్కడ మార్కప్ వాడాలి. హెల్ప్ పేజీలు రాసే మల్లార్డ్ అనే మార్కప్ భాషలో ప్రతి కీకీ ఒక "కీ" ట్యాగ్, వాటి చుట్టూ "కీసెక్" ట్యాగ్. ఏమీ చెప్పకపోతే కలిపి నొక్కడం అని, టైప్ "సీక్వెన్స్" అంటే ఒకదాని తర్వాత ఒకటి అని. డాక్‌బుక్ అనే మరో మార్కప్ భాషలో "కీకాంబో"కి యాక్షన్ "సైమల్" లేదా "సెక్". హెచ్‌టీఎమ్‌ఎల్‌లో ఒక "కేబీడీ" లోపల ఒక్కో కీకీ ఇంకో "కేబీడీ". దీనివల్ల లాభం ఏమిటంటే ప్లస్సా అడ్డగీతా అనేది స్టైల్‌షీట్ నిర్ణయిస్తుంది. రేపు మనసు మారితే ఒక్కచోట మార్చుకుంటే చాలు.

తెలుగులో రాసేటప్పుడు

"కంట్రోల్, కె, ఎస్ నొక్కండి" అని రాస్తే మూడూ కలిపా, విడివిడిగానా? అర్థం కాదు. తెలుగు క్రియలు ఈ పనికి చక్కగా పనికొస్తాయి, వాడుకోండి. కలిపి నొక్కేదానికి "పట్టుకుని": "కంట్రోల్ పట్టుకుని ఎస్ నొక్కండి". ఒకదాని తర్వాత ఒకటైతే "వదిలి": "కంట్రోల్ పట్టుకుని ఎక్స్ నొక్కి, రెండూ వదిలి, ఉత్త బి నొక్కండి". ఈమ్యాక్స్‌లో కంట్రోల్-ఎక్స్ తర్వాత ఉత్త "బి" వేరే బఫర్‌కి (తెరిచి ఉన్న ఫైల్ లాంటిది) తీసుకెళ్తుంది, కంట్రోల్ వదలకుండా "బి" నొక్కితే బఫర్ల జాబితా వస్తుంది. ఆ "ఉత్త", "వదిలి" అన్న రెండు మాటలు లేకపోతే చదివేవాళ్లు తప్పు గదిలోకి వెళ్తారు.

ఆదేశాల పేర్లలో ఇంకా ఎక్కువ తేడాలు దొర్లుతాయి. సేవ్‌కి "దాచు" అన్నారనుకోండి, హైడ్‌కీ అదే మాట తడుతుంది. మెనూలో ఏ మాట ఉందో హెల్ప్‌లో అదే ఉండాలి. అందుకోసం మెనూ అనువాదాలుండే పీఓ ఫైల్‌ని పక్కన తెరిచి పెట్టుకోండి. ఈమ్యాక్స్‌లో కిల్, యాంక్ అనేవి ఇతర ఎడిటర్లలో కట్, పేస్ట్. విమ్‌లో యాంక్ అంటే కాపీ! ఈమ్యాక్స్ యాంక్‌ని "అతికించు" అనీ విమ్ యాంక్‌ని "నకలు" అనీ అనాలి. ఒకే పదకోశంతో రెండిటినీ అనువదిస్తే ఒకటి తప్పక తప్పవుతుంది. నానోలో ^యు పాత పేరు "అన్‌కట్", కొత్త వెర్షన్లలో "పేస్ట్". పాత అనువాదంలో మిగిలిపోయిన "కత్తిరింపు రద్దు" లాంటి మాటలు వెతికి తీసేయాలి.

కిటికీలు, మెనూలు గీసే జీటీకే లైబ్రరీతో కట్టిన ఎడిటర్లలో షిఫ్ట్, కంట్రోల్, ఆల్ట్ పేర్లు మెనూలో ఎలా కనిపించాలో జీటీకే లైబ్రరీ అనువాదంలో ఉంటుంది, "కీబోర్డ్ లేబుల్" అనే సందర్భ సూచన కింద. ఎడిటర్ హెల్ప్ అనువాదం వేరే ఫైల్. రెండూ సరిపోల్చకపోతే మెనూలో ఒకటి, హెల్ప్‌లో ఒకటి కనిపిస్తుంది. "<ప్రైమరీ>" లాంటి కోణపు బ్రాకెట్ల తీగలు కనిపిస్తే అనువదించవద్దు, అవి ప్రోగ్రామ్ చదువుకునేవి. మెనూ పేరులో అండర్‌స్కోర్‌తో గుర్తుపెట్టిన అక్షరం షార్ట్‌కట్ కాదు, ఆల్ట్‌తో మెనూ తెరిచే అక్షరం. హెల్ప్‌లో ఈ రెండిటినీ ఒకే పట్టికలో కలపకండి.

తెలుగు లేఅవుట్ ఆన్‌లో ఉన్నప్పటి సంగతి చాలా హెల్ప్‌లు పట్టించుకోవు. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు లేఅవుట్‌లో ఇంగ్లీషు "డి" కీ నొక్కితే పొల్లు (్) వస్తుంది, "ఎస్" నొక్కితే ఏత్వం (ే). విమ్ నార్మల్ మోడ్‌లో వరుసను తీసేయడానికి "డి" రెండుసార్లు నొక్కితే ఎడిటర్‌కి రెండు పొల్లులు చేరతాయి, వరుస అక్కడే ఉంటుంది. ఎస్కేప్ నొక్కాక ఇన్‌పుట్ భాషను ఇంగ్లీషుకు మార్చమని, లినక్స్ గ్నోమ్ డెస్క్‌టాప్‌లో అయితే సూపర్+స్పేస్ అని, హెల్ప్ మొదట్లోనే చెప్పాలి. వేరే భాషలో టైపు చేయనిచ్చే విమ్ సొంత కీమ్యాప్ ఆప్షన్ వాడేవాళ్లకు ఈ బెడద లేదు, అది నార్మల్ మోడ్ ఆదేశాల జోలికి రాదు. ఇన్సర్ట్ మోడ్‌లో కంట్రోల్-^తో భాష మారుతుంది. ఈమ్యాక్స్ సొంత తెలుగు ఇన్‌పుట్ పద్ధతి కూడా అంతే. కంట్రోల్, బ్యాక్‌స్లాష్‌తో ఆన్ చేశాక మామూలు అక్షరాలే తెలుగవుతాయి, కంట్రోల్-ఎక్స్ కంట్రోల్-ఎక్స్‌గానే ఉంటుంది.

నొక్కి చూడటం

పట్టిక సిద్ధమయ్యాక ప్రతి షార్ట్‌కట్‌నీ నొక్కి చూడాలి, అదీ సొంత సెట్టింగులు లేకుండా. ఈమ్యాక్స్‌ని పెద్ద "క్యూ" ఆప్షన్‌తో, విమ్‌ని "క్లీన్" ఆప్షన్‌తో, నానోని పెద్ద "ఐ" ఆప్షన్‌తో, వీఎస్ కోడ్‌ని ఎక్స్‌టెన్షన్లు ఆపేసి తెరవండి. వీఎస్ కోడ్ సొంత కీబైండింగ్స్ ఫైల్ అప్పటికీ చదువుతుంది కాబట్టి దాన్ని కూడా తాత్కాలికంగా పక్కకు జరపాలి. ఈమ్యాక్స్‌లో కంట్రోల్-హెచ్ తర్వాత "కె" నొక్కి, అనుమానం ఉన్న కీ నొక్కితే దాని ఆదేశం, దాన్ని రాసే తీరు రెండూ చూపిస్తుంది. విమ్‌లో మ్యాప్ ఆదేశం ముందు "వెర్బోస్" చేర్చితే ఆ మ్యాపింగ్ ఏ ఫైల్‌లో పుట్టిందో చెబుతుంది. వీఎస్ కోడ్‌లో కంట్రోల్+కె, కంట్రోల్+ఎస్ నొక్కితే షార్ట్‌కట్‌ల పట్టిక తెరుచుకుంటుంది.

ఒక్కో షార్ట్‌కట్‌ని కిటికీలో ఒకసారి, టెర్మినల్‌లో ఒకసారి నొక్కండి. బ్యాక్‌స్పేస్ నొక్కితే ఈమ్యాక్స్‌లో హెల్ప్ తెరుచుకుంటోందంటే ఆ టెర్మినల్ 127 బదులు 8 పంపుతోందని అర్థం. అది హెల్ప్ రాతలో తప్పు కాదు, నార్మల్-ఎరేజ్-ఈజ్-బ్యాక్‌స్పేస్ మోడ్ గురించి అక్కడో వాక్యం చేర్చండి. విండోస్ మీద విమ్‌లో కంట్రోల్-వి అతికించే పని చేస్తుంటే విండోస్ తరహా షార్ట్‌కట్‌లు తెచ్చే మెస్విన్ ఫైల్ లోడ్ అయిందని అర్థం. అప్పుడు విజువల్ బ్లాక్‌కి (నిలువు ముక్కను ఎంచుకోవడానికి) కంట్రోల్-క్యూ వాడాలని పక్కన రాయాలి.

ఎడిటర్ ప్రాజెక్టుకు పంపేటప్పుడు మార్పులను రెండు ప్యాచ్‌లుగా (మార్పుల ఫైళ్లుగా) విడగొట్టండి. రాసే తీరు మాత్రమే మారినవి ఒకటి, కీ నిజంగానే తప్పు పడి సరిచేసినవి ఇంకొకటి. మొదటిదాని మీద వారాల తరబడి చర్చ నడిచినా రెండోది ఆగకుండా లోపలికి వెళ్తుంది.